రెండింతల ఉప్పు

“ఉప్పు దొరకక నిరుడంతా తిప్పలు పడ్డం. ఇయ్యాల ఐసుల పారబోస్తున్నవా?” మా అత్త సావిత్రమ్మ వంటింటి గడపలో నిలబడి అడిగింది. ఆమెకు కుల్ఫీ కావాలి, ఉప్పు మాత్రం ఖర్చు కాకూడదు. ముందరి అర్రలో మా ఆయన రఘుపతిని సాగనంపడానికి వచ్చిన చుట్టాలు కూర్చున్నారు. రైళ్లు మళ్లీ తిరుగుతున్నాయి కాబట్టి భువనగిరికి ఊకలో కప్పిన ఐసు వచ్చింది. కుండలో ఐసూ ఉప్పూ నింపి, పాల డబ్బాలు దించి, అవి గడ్డకట్టేదాకా తిప్పుతూ కూర్చోవడం ఎవరి పనో వేరే చెప్పక్కర్లేదు.

ఆయన హైదరాబాదు కాలేజీలో సైన్సు చెప్తాడు. రజాకార్ల గొడవల్లో కాలేజీ మూతపడితే ఏడాదిపాటు ఇంట్లోనే ఉండిపోయాడు. ఏమీ తోచక, మెట్రిక్ దగ్గర ఆగిపోయిన నాకు పాఠాలు చెప్పాడు. పోలీసు యాక్షన్ అయిందని ఊరంతా సంబరపడితే నేనూ సంబరపడ్డాను. కానీ కాలేజీలు తెరుస్తున్నారని విన్న రోజు పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. శాంతి వచ్చినందుకు ఏడ్చిన మనిషిని నేనొక్కదాన్నేనేమో! రేపు ఆయన పుస్తకాలూ, థర్మామీటరూ తీసుకుని వెళ్లిపోతాడు. నేనిక్కడే వండుతూ ఉంటాను.

అందుకే ఈ ఐసును ఊరికే వదలబుద్ధి కాలేదు. నీళ్లలో ఏదైనా కరిగిస్తే అవి సున్నా కంటే కిందికి దిగాకే గడ్డకడతాయట. ఎన్ని డిగ్రీలు దిగాయో చూసి 1.86తో భాగిస్తే, వెయ్యి గ్రాముల నీటికి ఎన్ని మోల్స్ కరిగాయో, అంటే ఎంత లెక్కన రేణువులు ఉన్నాయో, తెలుస్తుంది. దాన్నే మొలాలిటీ అంటారని ఆయన చెప్పాడు. పలక మీద చక్కెర లెక్కలు బోలెడు చేశాను గానీ కళ్లతో ఎన్నడూ చూడలేదు. ఆ లెక్కన ఒక మోల్ పడేటట్టు ఆయన త్రాసులో ఉప్పు తూచి కరిగించాను. ఆ నీళ్లను గాజు గొట్టంలో పోసి, ఉప్పు కలిపిన కుల్ఫీ కుండ ఐసులో నిలబెట్టి, థర్మామీటరుతో మెల్లగా కలిపాను. సన్నని మంచు పలుకులు మెరిశాయి. పాదరసం సున్నాకు దిగువన మూడున్నర దగ్గర ఆగింది. భాగిస్తే దాదాపు రెండు మోల్స్ వచ్చింది. నేను వేసింది ఒకటే! ఇంకోటి ఎక్కడినుంచి వచ్చింది?

“ఇంకెంతసేపు?” అంటూ ఆయన లోపలికి వచ్చాడు. లెక్క చూపించాను.

“కూరలల్ల ఏసినట్లే ఉప్పు ఎక్కువేసినవ్,” అని నవ్వాడు.

“లేదు, తూచి వేసిన. నీళ్లు గూడ తూచిన.”

“అరే, ఉప్పు నీళ్లల్ల రెండుగ విడిపోతది. రెండూ లెక్కకొస్తయి. చక్కెర గట్ల విడిపోదు.”

కోపం రావాల్సిన చోట ముందు సంతోషం పొంగింది. రోజూ చేత్తో తీసి వేసే ఉప్పు, నాకు తెలియకుండా ఇంత పని చేస్తోందా! ఆ తర్వాతే అడగాలని తోచింది.

“మరి గీ మాట నాకెందుకు చెప్పలే?”

“నీకు గంత ఎందుకు? పొద్దువోనీకి చెప్పిన ముచ్చట్లు గవి.”

ఆయనకు పొద్దుపోయింది. నాకు మాత్రం పెళ్లయ్యాక బతికినట్టు అనిపించింది ఆ ఒక్క ఏడాదే. కోపం ఇప్పుడొచ్చింది. ఇంకా ఏమేం చెప్పకుండా వదిలేశాడో తెలుసుకోవాలని అంతకంటే ఎక్కువగా అనిపించింది. ముందరి అర్రలోంచి అత్త, కుల్ఫీ ఏదని కేకేసింది. నేను లేచి, కుండను ఆయన ముందుకు జరిపాను.

“జర గిది తిప్పుండ్రి. గడ్డకట్టెదాక ఆపొద్దు.”

“నువ్వెక్కడికి?”

“చీరెలు సర్దుకోనీకి. మీరు చెప్పని సగం హైదరాబాదుల చదువుకుంట.”