యంత్రం చదవని లైన్లు

ఆఫీసులో చిట్టి తన సీట్లో కూర్చోగానే వెనక కుర్చీలోంచి అన్నయ్య గొంతు సవరించుకున్నట్టు వినిపిస్తుంది. అన్నయ్య పోయి ఐదు నెలలైంది. ఆ కుర్చీని స్టోరు గదిలో పడేయించమని పెద్దసారు రెండుసార్లు చెప్పాడు. చిట్టి విననట్టే ఊరుకుంది. మొండిఘటం. అన్నయ్య పెంపకం మరి.

అన్నాచెల్లెళ్లిద్దరిదీ మంచినీళ్ల సరఫరా ఆఫీసులోనే ఉద్యోగం. ఊరి చుట్టూ నలభై పంపుహౌసులు. ఒక్కోదానికీ ఒక్కో సెట్టింగుల ఫైలు. నీళ్లు ఎంత తగ్గితే మోటారు ఆడాలి, ఎంత నిండితే ఆగాలి, ఏదైనా చెడిపోతే ఏ కంప్యూటరుకు కబురు పంపాలి, అన్నీ అందులోనే. లైను ముందు ఒక్క ఖాళీ ఎక్కువైనా పంపు మొరాయిస్తుంది. అందుకే అన్నయ్య ప్రతి ఫైల్లోనూ, యంత్రం చదవకుండా దాటేసే లైన్లలో, తర్వాత వచ్చేవాళ్ల కోసం మాటలు రాసిపెట్టాడు. మాటలంటే తిట్లే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు తిట్లు. "ఈ అంకె జోలికెళ్లావో, కింది వీధంతా చెరువైపోతుంది." "చిట్టీ, ఎందుకే అంత తొందర? రైలేమైనా అందుకోవాలా?"

ఆయన ఉన్నంతకాలం ఆ ఫైళ్లు ఆయనే చూసుకునేవాడు. చిట్టి వాటిని తెరిచి ఎరగదు. పోయాక తెరిచింది. మొదటి తిట్టు చదివి, బాత్రూములోకి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చింది. ఇక మీదట వారానికొక్కటే తెరవాలని ఒట్టు పెట్టుకుంది. అన్నీ ఒకేసారి చదివేస్తే అన్నయ్య అయిపోతాడని భయం.

శనివారం సాయంత్రం ఇంట్లో వదిన అడిగేది, "ఈ వారం మీ అన్నయ్య ఏమన్నాడు?" అని. చిట్టి చెప్పేది. వదిన విని, కూరగాయలు తరుగుతూనే ఇంకో మాట అడిగేది.

"నా గురించేమైనా అన్నాడా?"

అనలేదు. పంతొమ్మిది ఫైళ్లయ్యాయి. మోటార్లను తిట్టాడు, వాల్వులను మెచ్చుకున్నాడు, పెళ్లాం ఊసు మాత్రం ఎత్తలేదు మహానుభావుడు. పోయిన రోజు పొద్దున కూడా మాట్లాడకుండానే గడప దాటాడు. ముందురోజు ఇద్దరికీ ఏదో చిన్న గొడవ. అది వదిన గుండెలో ముల్లులా ఉండిపోయింది. "ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయిగా," అనేది. ఆ ఇరవై ఒకటి మీదే ప్రాణం పెట్టుకుని బతుకుతోందని చిట్టి నమ్మకం.

ఈ శనివారం పొద్దున్నే పెద్దసారు హడావిడిగా వచ్చాడు.

"పెద్ద కంప్యూటరు మారుస్తున్నారమ్మా. పదకొండింటి లోపల నలభై ఫైళ్లలోనూ కొత్త అడ్రసు పడాలి. లేకపోతే ఎక్కడ ఏ మోటారు కాలినా మనకి తెలీదు."

"చేత్తో మారిస్తే సాయంత్రమవుతుంది సార్. తప్పులూ దొర్లుతాయి."

"ఒక్క కమాండుతో అవ్వదా?"

"అవుతుంది," అంది చిట్టి.

అయింది. నల్లటి తెర మీద ఒక్క లైను కొట్టింది. ఫైలు చదువు, అడ్రసు మార్చు, తిరిగి రాయి, నలభైకీ అంతే. రెప్పపాటులో పని ముగిసింది. నలభై పంపులూ కొత్త కంప్యూటరుకు బుద్ధిగా పలికాయి. పెద్దసారు సంతోషపడిపోయి అందరికీ టీలు తెప్పించాడు.

భోజనమయ్యాక ఈ వారం ఫైలు, ఇరవయ్యోది, తెరిచింది చిట్టి. అంకెలున్నాయి. కొత్త అడ్రసుంది. అన్నయ్య లేడు. గబగబా పంతొమ్మిదోది తెరిచింది, మొదటిది తెరిచింది, చివరిది తెరిచింది. ఎక్కడా లేడు. ఆ కమాండు యంత్రానికి కావలసినవే చదువుకుని, వాటినే తిరిగి రాస్తుంది. మనుషుల కోసం రాసినవి దాని కంటికి ఆనవు. ఆ సంగతి చిట్టికి తెలియక కాదు. తొందర, వెధవ తొందర. నకళ్ల కోసం పరుగెత్తింది. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి పాత నకలు మీద కొత్తది పడుతుంది. గడియారం ఒకటిన్నర చూపిస్తోంది.

కూలబడిపోయింది. వెనక చడీచప్పుడు లేదు. ఐదు నెలల్లో మొదటిసారి ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

సాయంత్రం వదిన అడిగింది, "ఏమన్నాడు?" అని. జరిగింది చెప్పేద్దామనే చిట్టి నోరు తెరిచింది. వచ్చిన మాటలు వేరు.

"'ఈ మోటారు అచ్చం మా ఆవిడే. అలిగిందంటే పలకదు. తప్పు నాదేనని ఒప్పేసుకుని పక్కన నిలబడాలి. కాసేపటికి తనే పలుకుతుంది.' అన్నాడు."

ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు. మాట సాగదీసిన తీరు కూడా అన్నయ్యదే. చిట్టికి తన గొంతంటేనే భయమేసింది.

వదిన కత్తి కింద పెట్టింది. నవ్వింది, నవ్వుతూనే కళ్లొత్తుకుంది.

"ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకు. ఇన్నాళ్లూ నా మనసు కుదుటపడాలని నువ్వే అల్లి చెబుతున్నావనుకున్నాను. మోటార్లకి తిట్లు ఎవరైనా రాస్తారా? ఇది మాత్రం నువ్వు అల్లలేవు. ఇది ఆయనే."

"వదినా, అవన్నీ..."

"ఊరుకోవే. నాకోసమేగా చెప్పావు," అని వదిన చిట్టి తల నిమిరింది.

చెప్పిన పంతొమ్మిది నిజాలకూ ఆడపడుచును క్షమించేసింది. చిట్టి తలవంచుకుని సరేనంది.