సైన్యం గడియారంలో ఆరు

సాయంత్రం ఐదు కావస్తుంటే కల్నల్ భార్య ముందుగదిలో కుర్చీలు గోడవారకు జరిపేది, చాప చుట్టి మూలన నిలబెట్టేది. వంతెనతో పాటు ఏట్లో పడి చచ్చిపోయినవాళ్లు తడికాళ్లతో వస్తారు మరి. వీధి తలుపులోంచి వచ్చి, ముందుగది దాటి, వంటింట్లో పొయ్యి దాకా నడిచి, అక్కడ కనబడకుండా పోతారు. మూటలు, చంకల్లో పిల్లలు, ఒకావిడ చేతిలో కోడి. ఇరవై రెండేళ్లుగా రోజూ ఇదే వరస. ఆవిడ పాలగిన్నె పక్కకు తీసి దారిచ్చేది, వాళ్లు వెళ్లాక ఇల్లంతా తుడుచుకునేది. పొరుగింటివాళ్లకైతే గడియారంతో పనే లేదు, ఈ ఇంట్లో బకెట్ చప్పుడు వినగానే టీకి నీళ్లు పెట్టుకునేవారు.

కల్నల్ మాత్రం ఆ కాసేపూ పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. శత్రువు ఏరు దాటితే ఇవతల ఊళ్లన్నీ పోతాయన్న భయంతోనే ఆనాడు వంతెన పేల్చెయ్యమన్నాడు.

ఆవేళ నాలుగున్నరకి విచారణ సంఘం నుంచి గుమాస్తా అమ్మాయి వచ్చింది. యుద్ధంలో జరిగిన తప్పొప్పులన్నీ మళ్లీ పరిశీలిస్తున్నారట. ఆమె తెచ్చిన కాగితంలో రెండే వాక్యాలున్నాయి. వంతెన ఆరింటి దాకానే అని ఊళ్లో చాటించారు. గేటు కాపలాదారు ఆజ్ఞ మీరి, ఆరు దాటాక కూడా జనాన్ని వదిలాడు.

"పాత రిపోర్టులోదేనండి. నిజమే అంటే సంతకం పెట్టండి," అంది.

కల్నల్ కలం తీశాడు.

"పెట్టేముందు ఒక్క మాట. ఆ గేటు మనిషి మా నాన్న."

కలం ఆగింది.

"ఇన్నేళ్లుగా ఊళ్లో ఎవరూ ఆయన పక్కన కూర్చోరండి. మా మేనమామలు కూడా గడప తొక్కరు. ఇప్పుడు మంచాన పడ్డారు. వంతెన పేలినప్పుడు ఊరి గడియారంలో ఐదే అయిందని ఇప్పటికీ అంటారు. మతి పోయిందంటారు అందరూ."

మతి పోలేదని కల్నల్‌కి తెలుసు. దండయాత్ర మొదలైన రోజున, సిపాయిలు పెందలాడే లేవాలని సైన్యం తన గడియారాలన్నీ గంట ముందుకు తిప్పుకుంది. ఊరికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆరింటి దాకా అని చాటించిన కల్నల్‌కి అది మర్నాడు గానీ తట్టలేదు. అప్పటికే రిపోర్టు పైకి వెళ్లిపోయింది, తప్పు గేటు మనిషి నెత్తిన పడింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ కల్నల్ ముసలివాడయ్యాడు.

అంతలో వాళ్లు వచ్చారు. అమ్మాయి కాళ్లు దగ్గరకు తీసుకుని దారిచ్చింది. కుట్టుమిషను మోసుకొస్తున్న దర్జీ ఆయాసపడుతూ ఆగి, దాన్ని బల్ల మీద, సరిగ్గా ఆ కాగితం మీదే దించాడు.

"ఆరు కాలేదు కదండీ? గేటాయన ఇంకా టైముందన్నాడు."

కల్నల్ తలెత్తి అతని మొహం చూశాడు. ఇన్నేళ్లలో చూడటం అదే మొదలు.

"కాలేదయ్యా, ఐదే. గేటాయన చెప్పింది నిజం. ఆరయింది మా సైన్యం గడియారంలో. మీకు చెప్పాల్సింది నేను, చెప్పలేదు," అన్నాడు.

మిషను కిందనుంచి కాగితం లాగి, రెండో వాక్యం కొట్టేసి, ఇప్పుడన్న మాటలే దాని కింద రాశాడు. సంతకం చేసి తేదీ వేశాడు.

"ఏవండీ," వంటింట్లోంచి భార్య పిలిచింది. "వీళ్లు ఇవాళ పొయ్యి దగ్గర మాయమవలేదు. పెరటి తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డారు. గడియ బిగుసుకుపోయి నావల్ల కావట్లేదు, ఓ చెయ్యి వెయ్యండి."

ముగ్గురూ కలిసి లాగితే వచ్చింది. ఒక్కొక్కరే పెరట్లోకి దిగి, ఆరేసిన బట్టల కింద వంగి, అవతలి వీధిలోకి వెళ్లిపోయారు. చివరగా దర్జీ బయల్దేరితే మిషనుకి ఓ పక్క అమ్మాయి పట్టింది.

ఇంటికెళ్లి, తండ్రి మంచం పక్కన కూర్చుని కాగితం చదివింది. "నీ తప్పేం లేదని ఆయనే రాసిచ్చాడు నాన్నా," అంది. ముసలాయన విన్నాడు గానీ తన సంగతి అడగలేదు.

"అందరూ దాటారా?"

"దాటారు. కోడితో సహా. నేనే చూశాను."

ఆయన మంచంపట్టె పట్టుకుని లేచాడు. ఇంకా ఎవరైనా వస్తారేమోనని ఇరవై రెండేళ్లుగా ఎవరినీ వెయ్యనివ్వని వీధి తలుపు దగ్గరికి నడిచాడు. బయట అటూ ఇటూ ఒకసారి చూసి, తలుపు వేశాడు.