బోనులో రెండు ఆరులు

“ఖాళీగానే ఉన్నావుగా, ఆరిన బట్టలు కాస్త మడతపెట్టెయ్యి” అన్నారు మా ఆయన, నా చేతిలో పెన్సిల్ చూసి.

మా ఇంట్లో నా చేతిలో గరిటె ఉంటే నన్నెవరూ కదపరు. చీపురుంటే కాళ్ళు పైకెత్తి మరీ దారిస్తారు. పెన్సిల్ కనిపించిందా, అందరికీ నాతో ఉన్న పనులన్నీ ఒక్కసారే గుర్తొస్తాయి. అందుకే నేను కిల్లర్ సుడోకు చేసుకునే చోటు బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన పీట మీద. మెషీన్ తిరుగుతున్నంతసేపూ నేను బట్టలు ఉతుకుతున్నట్టే లెక్క. ఆ ఆదివారం అది ఎప్పుడో ఆగిపోయింది, బట్టలు ఆరేసి, తీసి కూడా అయిపోయింది. అయినా పుస్తకం పట్టుకుని హాల్లో కూర్చోవడం నేను చేసిన పొరపాటు.

తెలియనివాళ్ళకి చెబుతాను. మామూలు సుడోకులో కొన్ని అంకెలు ముందే వేసి ఉంటాయి. ఇందులో ఒక్కటి కూడా ఇవ్వరు. గడులని చుక్కల గీతతో గుంపులుగా కట్టేసి, మూలన వాటి మొత్తం మాత్రం రాస్తారు. ఆ గుంపుని నేను బోను అంటాను. రెండు గడుల బోనుకి పదిహేడని ఉంటే ఎనిమిది, తొమ్మిది తప్ప వేరేవి పట్టవు. మూడు గడులకి ఆరైతే ఒకటి, రెండు, మూడే. ఏది ఏ గడిలోనన్నదే తంటా. ఇక ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలన్నీ ఒక్కోసారే వచ్చే తొమ్మిది గడుల చదరం మొత్తం ఎప్పుడూ నలభై అయిదు కాబట్టి, లోపలి బోనులన్నీ కూడి తీసేస్తే, దేనికీ చెందక మిగిలిపోయిన ఒంటరి గడిలో ఏముందో బయటపడుతుంది. అది బయటపడ్డ క్షణాన నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. ఎవరూ అడగకుండా, ఎవరి కోసమూ కాకుండా రోజు మొత్తంలో నేను చేసే పని అదొక్కటే.

పుస్తకంలో సులువు, మధ్యస్థం, కఠినం అని మూడు రకాలుంటే, నేను చేసేవన్నీ మధ్యస్థం పజిళ్ళే. “ఏళ్ళ తరబడి మధ్యలోనేనా? కఠినం జోలికి వెళ్ళవా?” అని మా ఆయన నలుగురిలో వేళాకోళం చేస్తుంటారు. వెళ్ళాను, ఎందుకు వెళ్ళలేదు? కఠినంలో, ఇది అయిదైతే అది రెండు, అది రెండైతే ఇక్కడ ఏడు కుదరదు, ఏడు ఇక్కడ కుదరకపోతే అటు బోను చెడుతుంది, అని ఆ వరసంతా తలలో పట్టుకుని కూర్చోవాలి. సగంలో ఉండగా “అమ్మా, నా రెండో సాక్సేదీ” అని పాప, “అమ్మాయీ, కాసిని వేణ్ణీళ్ళు” అని అత్తయ్య. లేచి వెళ్ళి వచ్చేసరికి కథ మళ్ళీ మొదటికొస్తుంది. మధ్యస్థం అలా కాదు, ఒక గడి నింపి, వెళ్ళి పాలు దించి, వచ్చి ఇంకో గడి నింపుకోవచ్చు. నాకు లేనిది తెలివి కాదు, ముక్కలు కాని ఒక్క గంట. ఈ మాటే ఆయనతో అంటే, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని నవ్వేశారు.

ఉద్యోగంలోనూ అదే బతుకు. రక్తపరీక్షల ల్యాబ్‌లో నాది మధ్యాహ్నం పూటపని. సూది గుచ్చడం, ట్యూబులకి పేర్లు అంటించడం, ఫోన్లెత్తడం, ఎవరు కేకేస్తే వాళ్ళ దగ్గరికి పరిగెత్తడం. పోయినవారం మా డాక్టరమ్మ పిలిచి, మైక్రోస్కోపు గది నువ్వు చూసుకుంటావా, పొద్దున్నే వచ్చి రోజంతా ఉండాలి అన్నారు. స్లైడు చూస్తున్నప్పుడు ఆ గది తలుపు ఎవరూ తట్టకూడదని అక్కడ నియమం. హోదా మాట దేవుడెరుగు, నాకు ఆ తలుపు కావాలనిపించింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆదివారం సాయంత్రంలోగా చెప్పమన్నారు. తీరా నా నోట్లోంచి వచ్చిన మాట, “ఇంట్లో అడిగి చెబుతానండీ” అని. అన్నందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

మా ఆయన బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేస్తారు. ఏ డ్రైవరుకి ఏ బస్సు, ఎవరికి ఎప్పుడు సెలవు, అంతా ఆయన చేతిమీదే. అత్తయ్యకి వచ్చేనెల మోకాలి ఆపరేషన్. నేను బట్టలు మడతపెట్టి వచ్చేసరికి భోజనాల బల్ల మీద తెల్లకాగితం పరిచి ఇంటికీ ఒక చార్టు వేసేశారు. ఆపరేషన్ అయ్యాక పొద్దున్నే అత్తయ్య చేత కాలి వ్యాయామం చేయించేది నేను. పాపని బడి బస్సెక్కించేది నేను. వంట సంగతి రాయనే లేదు, అది రాసేదేముంది. ఫోన్‌లో వాళ్ళ చెల్లెలు, నా ఆడపడుచు, అంతా విని, “వదిన చేతిలో పెడితే నాకు నిశ్చింత, కన్నకూతురు కూడా అంత చెయ్యదు” అంది. ఈ ఇంట్లో నన్ను ఎవరైనా మెచ్చుకున్నారంటే నెత్తిన కొత్త బరువేదో పడిందన్నమాటే. ల్యాబ్ సంగతి చెప్పాను. ఆయన తలెత్తలేదు. “ఇప్పుడవన్నీ ఎందుకు, వద్దని చెప్పెయ్. పూటపని ఎలాగూ ఉందిగా” అన్నారు. అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతూ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ నాకు ఏడుపొచ్చింది.

టీ తెచ్చి, బల్ల చివర కూర్చున్న అత్తయ్యకి కప్పు అందించి చూస్తే, ఆయన నా పజిల్‌లో మిగిలిన గడులన్నీ నింపి ఉంచారు. పెన్నుతో.

“పొద్దున్నుంచీ కుస్తీ పడుతున్నావుగా, ఇదిగో, అయిపోయింది” అన్నారు ఉదారంగా.

చూశాను. మెలిక తిరిగిన మూడు గడుల బోను, మొత్తం పదిహేను. అందులో ఆరు, మూడు, ఆరు అని వేశారు.

“ఇది తప్పండీ. ఆరు రెండుసార్లు పడింది.”

ఆయనకి మామూలు సుడోకు తెలుసు. ఆ రెండు ఆరులూ ఒకే అడ్డవరుసలో లేవు, నిలువు వరుసలో లేవు, ఒకే చదరంలోనూ లేవని వేలుపెట్టి చూపించారు. ఒక బోనులో ఏ అంకైనా ఒక్కసారే రావాలన్నాను.

“మొత్తం సరిపోయిందా లేదా? సరిపోయాక లోపల ఏముంటే ఎవరిక్కావాలి” అన్నారు.

పక్కనే ఆయన చార్టు ఉంది. దాని మొత్తం కూడా సరిపోయింది. ఉదయం వరుసలో అత్తయ్య గదిలో నేను, అదే వేళకి వీధి చివర బస్సు దగ్గర నేను, రాయకపోయినా పొయ్యి దగ్గర నేను. ఇన్నేళ్ళూ అందక రొప్పుతుంటే నా చేతకానితనమే అనుకున్నాను. నాది నత్తనడకని అత్తయ్య అంటే నమ్మాను. అక్కడ నిలబడి ఆ కాగితం చూస్తుంటే పట్టరాని కోపం వచ్చింది.

“మీ డిపోలో ఒక డ్రైవరుని ఒకే వేళకి రెండు బస్సుల మీద వేస్తారా?”

“అదెలా కుదురుతుంది?” అన్నారు వెంటనే. తరవాత నా వేలు ఎక్కడుందో చూశారు. “అది డిపో. ఇది ఇల్లు” అన్నారు.

అక్కడే, బల్ల దగ్గరే నిలబడి డాక్టరమ్మకి ఫోన్ చేశాను. చేరతానండీ అన్నాను. ఫోన్ పెట్టేశాక చూస్తే ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది, గిన్నెలూ అలాగే ఉన్నాయి. రేపటి నుంచి ఈ మనుషుల మధ్యే తిరగాలి, వీళ్ళ మొహాలే చూడాలి అన్న భయం పట్టుకుంది.

“మరి పొద్దున అమ్మ దగ్గర ఎవరుంటారు?” అన్నారాయన.

టీ తాగుతున్న అత్తయ్య వైపు తిరిగాను.

“అత్తయ్యా, మీకు పిల్లలెంతమంది?”

తిడుతుందనుకున్నాను. ఆవిడ మెల్లగా కప్పు కింద పెట్టింది.

“ఇద్దరు” అంది, కొడుకుని చూస్తూ.