దొరసాని సీటు

సూది మళ్లీ కిందికి దిగేలోపు హనుమక్క ఎడమచేతి బొటనవేలితో ఎర్రగుడ్డ పొట్లాన్ని స్పాంజి కిందికి తోసేసి, ఏమీ ఎరగనట్టు మిషను తొక్కింది. పిల్లప్ప ఆటో సీటు అది. పిల్లప్ప బయట నిలబడి టీ తాగుతున్నాడు. తన సీటు లోపలికి ఏం పోయిందో అతనికి తెలియదు. సర్జాపురలో ఈ వాలు వీధి అడుగున ఉన్న కుషన్ షాపులో సీట్లు కుట్టించుకుపోయిన వాళ్లెవరికీ తెలియదు.

పొట్లం చింతగింజంత ఉంటుంది. మడకశిర దగ్గర తమ ఊరి మారెమ్మ కుంకుమ ఒక చిటికెడు, పసుపుకొమ్ము ముక్క, ఎండిన వేపాకు ఒకటి. పద్దెనిమిదేళ్లుగా ఆమె కుట్టిన ప్రతి సీటులోనూ అలాంటిది ఒకటుంది. సాఫ్ట్‌వేర్ పిల్లల కార్లలో, సాయిబుల మటన్ వ్యానులో, చర్చి ఫాదరు జీపులో కూడా ఉంది. అడిగి పెడితే వద్దంటారేమోనని ఎవరినీ అడగలేదు. దేవుళ్లు వేరైతే ఏం, అందరూ పోయేది ఆ రోడ్డు మీదనే కదా.

హనుమక్క చదివింది ఐదో తరగతి. పేపర్లో ప్రమాదం వార్త కనబడితే మాత్రం కూడబలుక్కునైనా చివరిదాకా చదువుతుంది. పోయినవాళ్ల వయసు చూస్తుంది. మనిషి సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటుంది. కుడిచేతి చూపుడువేలి మీద కత్తెర కాయగట్టించిన బుడిపె, పమిటకు ఎప్పుడూ నాలుగైదు దారప్పోగులు. ఫోను మోగితే ముందు గుండె మీద చెయ్యి వేసుకుని తర్వాతే ఎత్తుతుంది. కూతురు మౌనికకు ఇరవై నాలుగేళ్లొచ్చినా, హూడిలో ఆఫీసుకు చేరగానే ఒక మెసేజీ పెట్టాలి. అది పది నిమిషాలు ఆలస్యమైతే ఆమె మనసులో అంబులెన్సు బయలుదేరుతుంది.

ఆ రోజు ఆయుధ పూజ. పూజ అయ్యాక మిషను తొక్కకూడదు, సూది ముట్టకూడదు. అందుకే తెల్లారగానే పని మొదలుపెట్టింది. పిల్లప్ప సీటు అయిపోయింది. ఇక మిగిలింది ఒక్కటి, దొరసానిది.

దొరసాని అంటే కారు. నీలం రంగు కాంటెస్సా. గుర్రం మెడలాంటి పొడుగాటి బానెట్, రెండు వైపులా రెండేసి దీపాలు, స్టార్టు చేస్తే వీధి చివర కుక్క కూడా లేచి కూర్చునే గొంతు. హనుమక్క భర్త బాలయ్య ఒక కంపెనీ దొరగారికి ఇరవై రెండేళ్లు దాన్ని నడిపాడు. దొరగారు ఊరు విడిచిపోతూ తాళంచెవి బాలయ్య చేతిలో పెట్టి, "దీన్ని నీకన్నా బాగా ఎవరు చూసుకుంటారప్పా" అన్నారు. ఆ రోజు నుంచి బాలయ్యకు ఇద్దరు పెళ్లాలని వీధంతా నవ్వుతుంది. పెద్దావిడకు వారానికోసారి తలంట్లు, రోజూ ఒళ్లు తుడవడం. చిన్నావిడ హనుమక్క. తన సవతికి సీట్లు మూడుసార్లు కుట్టింది.

ఈసారి డ్రైవరు సీటుకు మెరూన్ రెక్సిన్ తొడిగింది. లోపల స్పాంజి మాత్రం పాతదే. బాలయ్య మార్చనివ్వలేదు. నొక్కితే గుంటపడి, బద్ధకంగా, తీరిగ్గా పైకి లేచే స్పాంజి అది. అంచు కుట్టు ముగింపుకొచ్చేసరికి బయటి నుంచి మౌనిక కేక పెట్టింది.

"మా! నిమ్మకాయలు యాడ పెట్టినావు? నాయన నాలుగు టైర్లకీ నేనే పెట్టాలంటాండాడు!"

"అరటాకు కింద ఉండాయి చూడు! చెయ్యి టైరు కింద పెట్టొద్దు!"

"బండి ఆగే ఉండాది మా!"

"ఆగిన బండ్లే దొర్లుతాయి!"

అరుస్తూనే హనుమక్క కుట్టు మూసేసి, దారం కొరికింది.

మిషనుకు, కత్తెరకు, సుత్తికి, సూదుల డబ్బాకు బొట్లు పెట్టి పూజ చేశారు. దొరసానికి బంతిపూల దండ వేశారు. హనుమక్క చిన్న బూడిద గుమ్మడికాయ తిప్పి దుకాణం ముందు కొట్టి, తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. దిష్టి తీసినవాళ్లు వెనక్కి చూడకూడదు. ముక్కలు ఊడ్చి మోరీ పక్కకు నెట్టేది బాలయ్య. పెళ్లయినప్పటి నుంచీ అది వాళ్లిద్దరి ఒప్పందం. కొట్టేది ఆమె, ఊడ్చేది ఆయన.

చీపురు గోడకు ఆనించి బాలయ్య తాళంచెవి తీశాడు. తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, పెళ్లికొడుకులా ఉన్నాడు. తాళంచెవి కూతురి చేతిలో పెట్టాడు.

హనుమక్క నోరు తెరిచింది.

"నువ్వు నడపవా?"

"నా కండ్లకు మబ్బు పట్టుండాదని నువ్వే కదే ఊరంతా చెప్తివి. అత్తిబెలె దాకా పోయి తిరుక్కొస్తాం. బిడ్డ చేతికి దొరసాని అలవాటు కావల్ల."

"అత్తిబెలె రోడ్డా! లారీలు..."

"మా, ఈపొద్దు లారీలన్నీ దండలేసుకుని నిద్రపోతాండాయి. చిల్," అంది మౌనిక. తల్లి బుగ్గ గిల్లి, మెరూన్ సీటులో కూర్చుని, స్టార్టు చేసింది. నాలుగు నిమ్మకాయలు ఒకేసారి పగిలాయి. దొరసాని గొంతెత్తింది. పై మలుపు దగ్గర హారను ఒకటి కొట్టి కనబడకుండా పోయారు.

హనుమక్క దుకాణం సర్దింది. పూజ దగ్గర కర్పూరం కొండెక్కితే మళ్లీ వెలిగిద్దామని అగ్గిపెట్టె కోసం మిషను సొరుగు లాగింది. అగ్గిపెట్టె పక్కన ఎర్రగుడ్డ పొట్లం.

రెండు సీట్లకని పొద్దున రెండు పొట్లాలు కట్టింది. ఒకటి పిల్లప్ప సీటులోకి పోయింది. ఇది దొరసానిది.

పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ల సీట్లలో పెట్టింది. కన్నబిడ్డ మొదటిసారి కూర్చున్న సీటులో లేదు.

మౌనికకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. బండి నడిపేటప్పుడు ఎవరు చేసినా ఎత్తొద్దని ఒట్టు వేయించుకున్నది తానే. బాలయ్యకు చేసింది. ఆయన ఫోను దుకాణంలోనే, ఛార్జింగులో, ఆమె మోచేతి పక్కనే మోగింది. తాను చేసిన ఫోనుకు తానే ఉలిక్కిపడింది.

సీటు విప్పి పెడదామంటే సీటు అత్తిబెలె రోడ్డు మీద ఉంది. ఇక మిగిలిన దారి ఒక్కటే. వీధి మలుపులో నంజమ్మ పూలూ గుమ్మడికాయలూ అమ్ముతుంటుంది.

"అన్నిట్లోకీ పెద్దది ఇయ్యి."

"పొద్దున్నే ఒకటి కొట్టినావు కదక్కా. ఇంత పెద్దది కారుకా, విమానానికా?"

"నవ్వొద్దు నంజమ్మా. బిడ్డ బండి తోలుకుని పోయుండాది."

నంజమ్మ నవ్వడం మానలేదు కానీ, కాయను ఎత్తి చేతికిచ్చింది. ఏడాది పిల్లంత బరువుంది. హనుమక్క దానికి గంటు పెట్టి గుప్పెడు కుంకుమ కూరింది. దుకాణం ముందు కొడితే చాలదనిపించింది. బండి ఏ దారిన పోయిందో ఆ దారికే తీయాలి. వాలు మధ్యకు ఎక్కి, పై మలుపు వైపు మూడుసార్లు తిప్పి, "మారెమ్మా, వాళ్ల మీదికి వచ్చేది దీని మీదికి రానీ" అని నడిరోడ్డున కొట్టింది. కాయ తెల్లగా, ఎర్రగా, గింజలతో సహా బారెడు మేర చిమ్మింది. ఆమె తిరిగి చూడలేదు. చూడకూడదు కదా. గోడకు ఆనించిన చీపురు పక్కనుంచే లోపలికి నడిచి వెళ్లి కూర్చుంది.

గోడ గడియారం కింద కూర్చుని అత్తిబెలె దాకా మనసులోనే ప్రయాణం చేసింది. ఇప్పుడు మొదటి సిగ్నలు. ఇప్పుడు ఫ్యాక్టరీల దగ్గర మలుపు. ఇప్పుడు చెక్‌పోస్టు లారీలు. ప్రతిచోటా ఒక ప్రమాదం జరిపించి, మళ్లీ తానే దాన్ని చెరిపేసింది. పదకొండున్నరకు పైనుంచి దొరసాని గొంతు వినబడింది. ఇరవై రెండేళ్లు సాయంత్రాలు చెవులు రిక్కించి విన్న గొంతు. హమ్మయ్య అని లేచింది.

అప్పుడు బ్రేకు కీచుమంది. ఆ తర్వాత రేకు డ్రమ్ము మీద బండరాయి పడ్డట్టు ఒక చప్పుడు.

ఇన్నేళ్లు ఎదురుచూసిన చప్పుడే. వచ్చేసరికి ఆమెకు ఏం చేయాలో తెలియలేదు. దుకాణం గడప మీద నిలబడిపోయింది. వాలు మీదనుంచి నీళ్లు దిగి వస్తున్నాయి. ముందు సన్నగా, తర్వాత వెడల్పుగా. ఎర్రగా ఉన్నాయి. ఆమె కాళ్ల దాకా వచ్చి, వేళ్ల మధ్యనుంచి పారాయి.

ఎర్ర నీళ్లలో ఒక తెల్లటి గుమ్మడిగింజ తేలుతూ వచ్చి కాలిమెట్టెకు తగులుకుంది.

అదే సమయానికి పైన ఎవరో ఆడమనిషి, "బిందెలు తెండే! బిందెలు!" అని అరిచింది. అది ఏడుపు గొంతు కాదు. హనుమక్క పరుగెత్తింది.

అపార్ట్‌మెంటు గేటులోకి తిరగడానికి నీళ్ల ట్యాంకరు ఆగి ఉంది. దాని వెనక ఇనుప చట్రంలోకి దొరసాని ముక్కు దూర్చుకుని ఉంది. పొడుగాటి బానెట్ మడతపెట్టిన దుప్పటిలా లేచింది. నాలుగు దీపాల్లో ఒక్కటీ లేదు. ట్యాంకరు పైపు విరిగి, నీళ్లు ఫౌంటెన్‌లా దొరసాని నెత్తిమీద పడుతున్నాయి. వారం రోజులుగా కుళాయి రాని వీధి మొత్తం బిందెలు, బక్కెట్లు, పప్పు కుక్కర్లతో సహా అక్కడే ఉంది. ట్యాంకరు డ్రైవరు పెద్దమునియప్ప తల పట్టుకుని, "అయ్యో, లోడు మొత్తం ఖాళీ ఆయ్తు! లైను కట్టండమ్మా, తోసుకోవద్దండి!" అని అరుస్తున్నాడు.

ఆ నీళ్ల మధ్య, నిలువునా తడిసి, మౌనిక నిలబడి ఉంది. తండ్రి చెయ్యి పట్టుకుని ఉంది. ఇద్దరికీ రెండేసి కాళ్లు, రెండేసి చేతులు ఉన్నాయి. హనుమక్క తాకి చూసి లెక్కపెట్టింది. తల వెనక తడిమింది. పళ్లు చూపించమంది.

"ఏం కాలేదు మా. మెల్లగానే వస్తాంటిమి. బ్రేకేసినా, టైరు నిలబడలే, సబ్బు మీద పోయినట్ల పాయ."

"గుమ్మడికాయ," అన్నాడు టింకరు పని జయరామప్ప, చక్రం దగ్గర వంగి చూస్తూ. "యా పుణ్యాత్ముడో నడిరోడ్లో కొట్టి పోయినాడు. ఈ పండగొస్తే రోడ్లన్నీ ఇంతే." లేచి, బాలయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "అడుగు మొత్తం వంగిపోయింది బాలన్నా. ఇంజను వెనక్కి వచ్చేసింది. ఇంక నిలబడదు."

బాలయ్య తలూపాడు. రుమాలు తీసి, నలిగిన బానెట్ మీద నీళ్లు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే మళ్లీ నీళ్లు పడుతున్నాయి.

హనుమక్క ఊరుకోవచ్చు. వీధిలో పది దుకాణాల వాళ్లు కాయలు కొట్టారు. కానీ ఆమెకు కడుపులో మాట నిలవదు.

"అది నేను కొట్టిందే," అంది.

బాలయ్య తిరిగి చూశాడు. రోడ్డు మీద మిగిలిన తొక్కను, దాని మందాన్ని చూశాడు.

"తెలుసులే. అంత పెద్ద కాయ ఈ వీధిలో ఇంకెవరు కొంటారు?"

"పొట్లం మరిచిపోయినా. అందుకని..."

"కొట్టేది నువ్వు, ఊడ్చేది నేను," అన్నాడాయన. "ఈపొద్దు ఊడ్చేవాడు బండిలో ఉండె." అని, మూతి బిగించుకోబోయి, పట్టు తప్పి నవ్వేశాడు. కళ్లనుంచి నీళ్లు కారుతుండగా నవ్వాడు. అది చూసి మౌనిక పకపక నవ్వింది. హనుమక్కకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది, ఆ ఏడుపు గొంతు దాకా వచ్చి నవ్వుగా బయటపడింది. వీధిలో ఎవరూ అంతకుముందు ఆమె అలా నవ్వడం చూడలేదు. పెద్దమునియప్ప కూడా అరవడం ఆపేసి చూశాడు.

బండిని లాగుకుపోయే క్రేను సాయంత్రం నాలుగింటికి వచ్చింది. ఈలోపు బాలయ్య ఒకటే అడిగాడు, డ్రైవరు సీటు విప్పి ఇమ్మని. జయరామప్ప పూజలో పెట్టిన స్పానరుకు దండం పెట్టుకుని, నాలుగు బోల్టులు విప్పి, దాన్ని దుకాణం ముందు పెట్టాడు. బట్టలు మార్చుకొచ్చిన మౌనిక అందులో కూలబడి, బొరుగుల పళ్లెం ఒళ్లో పెట్టుకుని, వచ్చినవాళ్లకల్లా అత్తిబెలె కథ చెప్పింది. ఖాళీ రోడ్డు మీద దొరసాని ఎలా పరుగెత్తిందో, నాయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఎలా కేకలేశాడో, చెక్‌పోస్టు పోలీసు బండిని చూసి ఎలా సెల్యూట్ కొట్టాడో.

క్రేను కొక్కెం తగిలించే ముందు హనుమక్క కుంకుమ భరిణె పట్టుకుని వెళ్లింది. బానెట్ మడతలో చోటు వెతికి బొట్టు పెట్టింది. తెగిన దండ తీసి కొత్త దండ వేసింది.

"మొగుడు బతికుండంగానే బొట్టుతో, పూలతో పోతాంది," అంది నంజమ్మ. "నీ సవతి పుణ్యాత్మురాలక్కా."

"బిడ్డను దించిపెట్టి పోతాంది," అంది హనుమక్క. అద్దం అంచున ఉన్న నీటిచుక్కను వేలితో తుడిచింది. "నీ మీదికి రానీ అని నేను కాయకు చెప్పినా. దొరసాని విన్యాది."

క్రేను కదిలింది. దొరసాని ముందు కాళ్లు పైకెత్తి, వెనక చక్రాల మీద నెమ్మదిగా వాలు ఎక్కింది. బాలయ్య చెప్పులు వేసుకోకుండానే వెంట నడిచాడు. మౌనిక పళ్లెం పక్కన పెట్టి, పరుగెత్తి వెళ్లి ఆయన మోచెయ్యి పట్టుకుంది. మలుపు దగ్గర ఇద్దరూ ఆగారు. దొరసాని ఆగలేదు.

హనుమక్క చీపురు తీసింది. వాలు మధ్యకు ఎక్కి, మిగిలిన తొక్కలూ గింజలూ తానే ఊడ్చి మోరీ పక్కకు నెట్టింది. తిరిగి వచ్చి మిషను సొరుగు లాగింది. ఈ రోజుకు సూది ముట్టకూడదు. రేపు వచ్చే మొదటి సీటు ఎవరిదైతే వాళ్లకని పొట్లాన్ని అగ్గిపెట్టె మీద పెట్టి సొరుగు మూసింది.

గడప దాటుతూ ఆగింది. దుకాణం ముందు మెరూన్ సీటు ఒంటరిగా ఉంది. దాని అంచున నాలుగు బొరుగులు, మధ్యలో మౌనిక కూర్చున్న గుంట. పాత స్పాంజి ఇంకా తీరిగ్గా పైకి లేస్తూ ఉంది.