గోడ అడుగున జానెడు సందు

కొత్తవాడకు ఈశాన్యాన నిలిచిన రాతిగోడకు నక్షా గీసినవాడిని నేనే. పొడవు రెండు వందల మీటర్లు, ఎత్తు రెండున్నర. పంతొమ్మిదేళ్ల క్రితం, ఎడారిలోని తిదికెల్త్ ప్రాంతానికి నేను ప్రధాన ఇంజనీరుగా ఉన్నప్పుడు, ఇసుకను ఊరి బయటే ఆపాలన్న ఉద్దేశంతో దానిని కట్టించాను. పదవీ విరమణ తరువాత కూడా, అతిథులెవరైనా వస్తే ఆ గోడ దగ్గరికే తీసుకుపోయేవాడిని. బయటివైపు దాని పాదం ఎప్పుడూ తుడిచినట్లు నున్నగా ఉండేది. లోపలివైపు చూపించేవాడిని కాదు.

లోపల, గోడకూ మొదటి వరుస ఇళ్లకూ నడుమ ఉన్న వీధిలో ఇసుక చేరుతోంది. గోడ ఎక్కి దిగిన గాలి, ఆ మరుగున చతికిలబడి, మోసుకొచ్చినదంతా అక్కడే దించిపోతోంది. ఈ ఏప్రిల్‌లో అది కిటికీల అంచులను తాకింది. పురపాలక సంఘం తీర్మానం చేసింది: గురువారం ఉదయం వీధిలోని ఇసుకనంతా ఎత్తించాలి, సాయంకాలపు అసర్ నమాజు వేళకు గడపలు మళ్లీ మునిగితే ఆ వరుసలోని ఎనిమిది ఇళ్లనూ ఖాళీ చేయించాలి. ఎనిమిదింటిలో మొదటిది బర్కాది. ఆ గోడను కట్టిన మేస్త్రి అతడే.

గురువారం మధ్యాహ్నానికి గాలి లేచింది. నేను వెళ్లేసరికి, ఉదయం ఎత్తిపోసిన వీధిలో అప్పుడే మోకాలి లోతు ఇసుక ఉంది. బర్కా భార్య తూమా సగం తెరిచిన తలుపులోంచి తట్టతో ఇసుక పారబోస్తోంది; పోసినదంతా ఆమె ముఖానికే తిరిగి వస్తోంది. వీధి చివర సంఘం ట్రక్కు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. మూడో ఇంటివాళ్లు అప్పుడే పరుపులు ఎక్కిస్తున్నారు.

సంఘం ఇంజనీరు వహీబా, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి, ముక్కు మీదికి ముసుగు లాక్కుంటూ ఎదురొచ్చింది.

"సార్, బర్కా తాత గోడ అడుగున రాళ్లు లాగుతానంటున్నాడు. గోడ మీరు గీసింది. వద్దంటే ఆపేస్తాను. సరేనంటే ఈ కాగితం మీద సంతకం పెట్టండి. అసర్‌కి గంట కూడా లేదు."

"వద్దు. పాదం తొలిస్తే గోడ నిలవదు. మనుషుల మీద పడుతుంది."

బర్కా గునపాన్ని నేలకు ఆనించి నవ్వాడు. "ఏం ఇంజనీరుగారూ, ఇవాళ గాలి కొలిచారా?"

"గంటకు యాభై కిలోమీటర్లు."

"ఎక్కడ కొలిచారేం?"

"విమానాశ్రయంలో, పది మీటర్ల స్తంభం మీద."

"ఇసుక్కి విమానం టికెట్టు కూడా మీరే కొనిచ్చారా? ఇక్కడ కొలవండి." చెప్పు విడిచి చీలమండ చూపించాడు. చర్మం ఎర్రగా గీరుకుపోయి ఉంది. "ఇసుక నడిచేది ఇక్కడ. కాళ్ల దగ్గర దారిస్తే దాని మానాన అది పోద్ది. దారి మూస్తే మన పక్కలోకొచ్చి పడుకుంటది."

"ముసలోళ్లిద్దరూ తర్వాత తగువాడుకోండయ్యా!" తూమా లోపలినుంచి అరిచింది. "అప్పటిదాకా ఈ తట్ట ఎవరు మోస్తారు, మీ నక్షానా?"

"బర్కా, లెక్క ప్రకారం..."

"గోడ పడదు."

"ఎందుకు పడదు?"

అతడు మొదటిసారి నా చూపు తప్పించాడు. "ఆ రోజు నన్ను దొంగన్నారు. గుర్తుందా?"

గుర్తుంది. గోడ లేస్తుండగా ఒకనాడు పని చూడడానికి వెళ్లాను. ఐదేసి మీటర్లకు ఒకటి చొప్పున, అడుగున జానెడెత్తు సందులు విడిచి ఉన్నాయి. ఒక దానిలో నా చేతికర్ర దూర్చి, రాయి మిగుల్చుకునే దొంగపని అని కూలీలందరి ఎదుటా అన్నాను. సిమెంటుతో పూడ్చమని ఆజ్ఞాపించాను. మూడు రోజుల తరువాత చూస్తే ఒక్క సందూ కనిపించలేదు. మీదుగా సున్నం వేయించాను.

"పూడ్చాను," అన్నాడు బర్కా. "సిమెంటుతో కాదు, మట్టితో. ప్రతి సందు మీదా ఖర్జూరపు దూలం అట్లాగే ఉంచాను. నలభై సందులు, నలభై దూలాలు. బరువు మోసేది అవే."

"పంతొమ్మిదేళ్లుగా నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నిజంగానే సిమెంటు పోయించేవారు."

అది సత్యం.

"దూలానికి చెద పట్టి ఉంటే?" అని మాత్రం అడిగాను.

"పడితే మీ లెక్కే గెలుస్తుంది."

వహీబా చేతిలోని కాగితం గాలికి టపటప కొట్టుకుంటోంది. దానిని గోడకు అదిమిపట్టి సంతకం చేశాను. అందరినీ వీధి బయటికి పొమ్మన్నాను. ఆమె నన్ను కూడా రమ్మంది. నేను కదలలేదు. నేను గీసిన గోడ కింద మరొక మనిషిని ఒంటరిగా వదలడం నాకు చేతకాదు.

బర్కా ఇసుకను పక్కకు లాగి, సున్నం మీద గునపంతో తడుతూ బోలుగా మోగిన చోట ఆగాడు. నాలుగు పోట్లకు మట్టి పెళ్లలుగా రాలింది. పైన దూలం బయటపడింది, నల్లగా. గోడలో ఎక్కడో కిర్రుమన్న చప్పుడు వినిపించింది. నా తల మీద సన్నని రాతిపొడి రాలింది. నేను అరచేతిని గోడకు ఆనించాను, ఆనించి ఏం చేయగలనో ఆలోచించకుండానే. బర్కా ఊపిరి బిగబట్టాడు. చప్పుడు మళ్లీ రాలేదు.

చివరి పెళ్లను అతడు కాలితో తన్నాడు.

గాలి ఆ జానెడు సందులోంచి దూసుకొచ్చి నా పిక్కలను కోసింది. ఎదుట ఉన్న ఇసుక కుప్ప పాదం దగ్గర కరగడం మొదలుపెట్టి, ఇళ్ల నడుమ నుంచి నైరుతి మైదానం వైపు పాకింది. రెండో సందు తెరిచేసరికి తూమా ఇంటి ఆకుపచ్చ గడప ఒక చివర కనిపించింది. ఆమె తట్ట కింద పడేసి, గడప మీద కాలు పెట్టి నిలబడింది.

మసీదు నుంచి అసర్ పిలుపు వినిపించింది. వహీబా వరుసంతా నడిచి వచ్చింది.

"సార్, రెండు గడపలు తేలాయి. ఆరు తేలలేదు. తీర్మానం ప్రకారం..."

"ఇంకా ముప్ఫై ఎనిమిది సందులు మూసి ఉన్నాయి," అన్నాను. "నీ కాగితంలో ఇలా రాయి. గోడను గీసినవాడు తప్పు గీశాడు. కట్టినవాడు సరిగ్గా కట్టాడు. సందులన్నీ తెరిచేవరకూ ఏ ఇల్లూ ఖాళీ చేయించరాదు. దాని కింద కూడా సంతకం పెడతాను. సంఘానికి నేనే జవాబు చెప్పుకుంటాను."

ఆమె రాసింది. సంతకం చేశాను. ట్రక్కు మీదినుంచి పరుపులు దించసాగారు.

బర్కా ఆ కాగితం వైపు చూడనైనా లేదు. గునపం నా చేతికి అందించాడు.

"రాత సరే. ఇక ఇది పట్టండి, ఇంజనీరుగారూ. మూడోది మీరు కర్ర దూర్చిన సందే."