పంచె మీద మరక

"నీకేం తెలుస్తాదిలేమ్మే, టీ చల్లారకముందే చేన్లోకి పో," అన్నాడు నా మొగుడు దివాకర్.

వేరుశనగ, అదే మా చెనక్కాయ, పెరికే రోజుల్లో కూలీలకు టీతో పాటు తలా ఒక నొప్పి మాత్ర పంచడం మా ఇంటి ఆనవాయితీ. పంచేది నేనే. వారంగా ఆ మాత్రల షీట్లలోంచి మా మామ నరసింహప్ప మోకాళ్ల నొప్పులకని రోజూ రెండు మాత్రలు జేబులో వేసుకుంటున్నాడు. పోయినేడు ఆయన గుండెకు స్టెంట్ వేశారు. డిశ్చార్జి రోజు మగవాళ్లంతా బయట కారు కోసం ఫోన్లు చేస్తుంటే నర్సమ్మ మాటలు విన్నది నేనొక్కదాన్నే. ఇవి రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలు, వీటి మీద నొప్పి మాత్రలు పడితే లోపల రక్తం కారొచ్చు, డాక్టరును అడగకుండా వేయొద్దు అని చెప్పింది. ఆ మాటే చెబితే మామ నవ్వాడు. "కూలోళ్లకు పనికొచ్చేది నాకు పనికిరాదా? ఇంటర్ తప్పినదానివి, నువ్వు నాకు డాక్టరమ్మవా?"

పన్నెండేళ్లుగా ఈ ఇంట్లో అందరి బట్టలూ ఉతుకుతున్నాను. ఎవరికి జ్వరం తగిలిందో, ఎవరు తాగొచ్చారో బట్టలే చెబుతాయి నాకు. ఆ పొద్దున మామ పంచెకు తారులాంటి నల్ల మరక ఉంది. నీళ్లు పోస్తే ఎర్రగా దిగింది. ఆయన చేతుల మీద కమిలిన మచ్చలు, గోడ పట్టుకుని లేవడం మూడు రోజులుగా చూస్తూనే ఉన్నాను.

"మామకు కడుపులోంచి రక్తం పోతాండాది," అని దివాకర్‌తో చెప్పాను.

"రక్తం నల్లగుంటాదా యాడన్నా? ఉలవచారు తిన్యాడు, అంతే. అంత భయమైతే గుండె మాత్రలు నాలుగు దినాలు ఆపుదాం."

"ఆపేదానికి నువ్వెవురు, నేనెవురు? డాక్టరు చెప్పల్ల."

అప్పుడే అన్నాడు, నీకేం తెలుస్తాదని. ఒళ్లు మండింది. టీ క్యాను వాకిట్లో దించి ఆటో పిలిచాను. రెండు రకాల మాత్రల షీట్లూ, ఆ పంచెనూ కవర్లో వేసుకుని మామను ఎక్కించాను. నల్లమాడ దాటేదాకా తిట్టాడు. కదిరి ఆసుపత్రికి చేరేసరికి తిట్టడానికి కూడా ఓపిక లేదాయనకు.

"కడుపులో పుండు పడి రక్తం కారుతోంది. ఇంకో రోజు ఆగివుంటే దక్కేవాడు కాదు," అన్నాడు డాక్టరు. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు.

సాయంత్రానికి దివాకర్ వచ్చాడు. ఎవరు కనిపెట్టారని డాక్టరు అడిగితే, "మేమే సార్," అన్నాడు.

"మేము కాదు సార్, నేను," అన్నాను. గర్వంగా ఉంది, దాచుకోను.

మంచం మీంచి మామ మెల్లగా అన్నాడు: "నిజమే సార్. నా పానం కోడలే నిలబెట్టె. ఇంగ నా మందులూ మాకులూ అన్నీ ఆయమ్మే చూసుకుంటాది."

"అవు నాయనా, ఆమెకే బాగా తెలుసు," అన్నాడు దివాకర్, బరువు దిగినట్టు.

పొగడ్త కూడా చివరికి నా నెత్తిన చాకిరీ అయి కూర్చుంటుందన్నమాట.

"తెలుసు. అందుకే నీకు నేర్పిస్తా," అన్నాను. "ఇంటికి పోయినప్పట్నుంచి మీ నాయనకు మాత్రలిచ్చేది, పంచెలు ఉతికేది నువ్వే. నానబెట్టేముందు విప్పి చూడల్ల. నల్లగుంటే, అది ఉలవచారు కాదు."