నోట్‌బుక్కులో ఆఖరి పేజీ

హైమావతి పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని మినప్పప్పు పొట్టు కడుగుతోంది. తెల్లవారుజామున నానబోసిన పప్పు. రెండు చేతులతో నలిపి గిన్నె వంచితే పొట్టు తేలి నీళ్లతో జారిపోతుంది, పప్పు అడుగున ఉండిపోతుంది. ఐదుసార్లు కడిగింది. ఇంకా అక్కడక్కడ నల్లగా కనిపిస్తుంటే ఆరోసారి నీళ్లు పట్టింది.

"ఇంకెంతసేపే?" వంటింట్లోంచి తల్లి ఆదిలక్ష్మి కేకేసింది. "గారెల్లో కాస్త పొట్టుంటే ఏమైపోద్ది? మీ అత్తయ్యా, బావా తెనాల్లో బయల్దేరిపోయారంట."

హైమ ఇంకో చెంబెడు నీళ్లు పోసి నలిపింది. ఆ పిల్ల మామూలుగానే తక్కువ మాట్లాడుతుంది. కానీ ఇవాళ ఆ పప్పును నలుపుతున్న తీరు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది, లోపల ఏదో ఉడుకుతోందని.

ఆ ఉడుకుకి కారణం ఒక ముంగిస. ప్రాణమున్న ముంగిస కాదు, ఆటలోది.

గ్రోమా అని ఒక వీడియోగేము ఉంది. ఇప్పటికి ఆరు భాగాలొచ్చాయి. అందులో అడవులూ కొండలూ తిరిగి వింత జంతువులను పట్టుకోవాలి, మచ్చిక చేసుకోవాలి, పెంచి పెద్దచేసి ఇంకొకరి జంతువులతో పోటీకి దింపాలి. నిప్పు జాతి, నీటి జాతి, గాలి జాతి, ఇలా చాలా ఉన్నాయి. హైమకి నచ్చింది ఫైటింగ్ జాతి. మంటలు కక్కడం, మెరుపులు విసరడం వాటికి రావు. ఒళ్లే వాటి ఆయుధం. వాటిని తన నోట్‌బుక్కులో 'కుస్తీ జాతి' అని రాసుకుంది.

చెరుకుపల్లి హైస్కూల్లో చదివి, రోజూ బస్సెక్కి రేపల్లెలో డిగ్రీ చేసింది హైమ. ఫస్టు క్లాసు వచ్చినందుకు తండ్రి పాండురంగారావు ఆట ఆడుకునే మిషను ఒకటి కొనిపెట్టాడు. మూడేళ్లుగా ఆ మిషనూ, ఆ నోట్‌బుక్కూ ఆమెవి. ఆరు భాగాల్లోని కుస్తీ జాతి జంతువులన్నిటినీ పెంచి చూసింది. ఏది ఎన్ని దెబ్బలు ఓర్చుకుంటుంది, ఏది ఎప్పుడు అలసిపోతుంది, ఏది గెలిచే పోటీలో బెదిరిపోతుంది, అంతా రాసింది. చివరికి ఐదింటిని ఏరి తలా ఒక పేజీ ఇచ్చింది.

చిన్నప్పుడు తండ్రి ఆమెను ఎడ్ల బండలాగుడు పందేలకి భుజాల మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. అక్కడ మైకులో బహుమతులు ఆఖరి దాని దగ్గర్నుంచి చదువుతారు. మొదటి బహుమతి పేరు వచ్చేసరికి జనం లేచి నిలబడతారు. హైమ కూడా అలాగే రాసింది. ముందు పేజీలో ఐదో స్థానానిది, ఆఖరి పేజీలో మొదటి స్థానానిది.

ఐదోది బ్రూటాక్స్. ఎద్దు తల, రోకళ్లలాంటి చేతులు. 'మొదటి దెబ్బకి గోడ కూలుతుంది. మూడో దెబ్బకి తనే కూలుతుంది' అని రాసింది. నాలుగోది కిక్రేన్, కొంగ కాళ్లతో తన్నే పక్షి. తన్ను తప్పితే దానికే దెబ్బ. మూడోది గ్రాపాంగ్ అనే కోతి, పట్టిన పట్టు వదలదు, కానీ వదలాల్సినప్పుడు కూడా వదలదు. రెండోది కళ్లు మూసుకుని పోరాడే నక్క, సెన్నిరో. దానికి అవతలివాడి అడుగు పడకముందే తెలిసిపోతుంది.

మొదటిది మాంగ్రిట్. బక్క ముంగిస.

మాంగ్రిట్‌ని ఎవరూ పెంచరు. దొరికిన కొత్తలో అది ఒక్క దెబ్బకి పడిపోతుంది, అందరూ దాన్ని వదిలేస్తారు. గెలిపిస్తే అది పెరగదని హైమ కనిపెట్టింది. వెనక్కి పిలవకుండా వంద పోటీల్లో దెబ్బలు తిననిస్తేనే అది పూర్తి రూపానికి వస్తుంది. అలా రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ నానమ్మ సుబ్బరత్నమ్మ పక్క మంచం మీద నుంచి రోజూ అడిగేది.

"ఇవాళైనా నిలబడిందటే నీ ముంగిస?"

"రెండు దెబ్బలకి నిలబడింది నానమ్మా. మూడోదానికి పడిపోయింది."

"నిన్న ఒక్కదానికే పడిందిగా. నయమే."

నానమ్మ చనిపోయిన నెల రోజులకి మాంగ్రిట్ నిలబడింది. బ్రూటాక్స్ ఏడుసార్లు గుద్దినా నిలబడే ఉంది. ఆ రోజు హైమ దానికి 'రత్తమ్మ' అని పేరు పెట్టింది.

పోయిన నెల మేనత్త జయలక్ష్మి, ఆమె కొడుకు జయకృష్ణ వచ్చారు. బాపట్లలో ఏదో కాలేజీలో గ్రోమా పోటీ పెట్టారట. తెనాలిలో బావకి యూట్యూబ్ ఛానెల్ ఉంది. "రెండు వారాలకి రత్తమ్మనీ, ఆ నోట్‌బుక్కునీ ఇవ్వు మరదలా, పోటీ అవగానే తెచ్చిస్తా" అన్నాడు. ఆటలో ఒకరి జంతువును ఇంకొకరి మిషనుకి పంపొచ్చు, బదులుగా ఇంకో జంతువును తీసుకోవాలి. హైమ తటపటాయించింది. మేనరికమని ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నదే. "ఇవ్వమ్మా, పరాయివాడా ఏంటి?" అన్నాడు తండ్రి. ఇచ్చింది.

పోయిన ఆదివారం సెమీఫైనల్. కర్లపాలెం మీదుగా వెళ్లే బస్సెక్కి హైమ చూడ్డానికి బాపట్ల వెళ్లింది. పెద్ద తెర మీద 'రత్తమ్మ' అని పేరు పడగానే హాలంతా నవ్వింది. ఆ పేరు మార్చడం పెంచినవాళ్లకి తప్ప ఇంకెవరికీ కుదరదు. మైకు పట్టుకున్నతను ఆ పేరేంటని అడిగితే బావ "మా అమ్మమ్మ పేరండి, నేనే పెట్టా" అన్నాడు. వెనక వరసలో కూర్చున్న హైమ వంక కూడా చూడలేదు. రత్తమ్మ తొమ్మిది దెబ్బలు తిని నిలబడి, పదో నిమిషాన అవతలి దాన్ని పడగొట్టింది. హాలు లేచి నిలబడింది.

అక్కడితో అయితే హైమ ఓర్చుకునేదే. బుధవారం బావ వీడియో పెట్టాడు. 'కుస్తీ జాతిలో టాప్ ఫైవ్' అని పేరు. ఆ మాట కూడా ఆమెదే.

"దీనికోసం మూడేళ్లు రీసెర్చ్ చేశాను ఫ్రెండ్స్" అని మొదలుపెట్టి, నోట్‌బుక్కు ముందు పేజీ నుంచి చదువుకుంటూ పోయాడు. నంబర్ వన్ బ్రూటాక్స్ అన్నాడు. "మొదటి దెబ్బకి గోడ కూలుతుంది" వరకు చదివి, కింది వాక్యం వదిలేశాడు. ఆఖర్న నవ్వుతూ చెప్పాడు. "ఐదోది మాంగ్రిట్. మా ఇంట్లో ఆడవాళ్ల ముచ్చట కోసం లిస్టులో పెట్టా. మొన్న దీంతో గెలిచానంటే అది లక్కే ఫ్రెండ్స్."

హైమ ఆ వీడియో మూడుసార్లు చూసింది. దొంగిలించాడు, సరే. దొంగిలించినదాన్ని కనీసం చివరిదాకా చదవలేదు! మూడేళ్ల పనిని తలకిందులు చేసి నలభై వేలమందికి చూపించాడు. వంద దెబ్బలు తిన్నదాన్ని లక్కు అన్నాడు.

పప్పు తెల్లగా వచ్చింది. అప్పుడు లేచింది హైమ.

పదింటికి బైకు వాకిట్లో ఆగింది. వెనక సీటు మీంచి జయలక్ష్మి దిగుతూనే "ఏం ఎండరా పాండూ, ఒళ్లు మాడిపోయింది" అని తమ్ముడిని పలకరించి, ఫ్యాను కింద కూలబడింది. జయకృష్ణ గారెల పళ్లెం అందుకోకముందే మిషను బయటికి తీశాడు.

"హైమా, నీ రత్తమ్మ మొండికేసింది. రెండ్రోజుల నుంచి నా మాట వినట్లేదు. కొట్టమంటే కొట్టదు, ఊరికే నించుంటుంది. రేపు ఫైనలు."

"నువ్వు ఆడించిన ఆటలకి దాని స్థాయి ఇంకా పెరిగింది. ఆ స్థాయికొచ్చాక పెంచినవాళ్ల మాటే వింటుంది బావా. నోట్‌బుక్కులో రాశాను."

"అంతంత పేజీలు ఎవరు చదువుతారే? నీ మిషన్లోకి తీసుకుని, ఏం చెయ్యాలో చేసి పంపెయ్."

"చేస్తాను. ముందు వీడియోలో నా పేరు చెప్పు."

ఆ ఇంట్లో హైమ అంత సూటిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. పాండురంగారావు పేపరు దించాడు.

"నీ పేరా?" జయకృష్ణ నవ్వాడు. "చెరుకుపల్లి హైమావతి చెప్పిందంటే ఎవడు చూస్తాడే? నేను చెప్పబట్టే నలభై వేలమంది చూశారు."

"పేరు చెప్పు. లిస్టు తిరగేసి చదివావని కూడా చెప్పు."

"తిరగెయ్యడమేంటి?"

"నాన్నా," అంది హైమ, బావ మీంచి చూపు తిప్పకుండానే. "ఎడ్ల పందేల్లో మైకులో ముందు ఏ బహుమతి చదువుతారు?"

"ఆఖరుది. ఎందుకే?"

హైమ బావ సంచీలోంచి నోట్‌బుక్కు తీసి, ఆఖరి పేజీ తిప్పి తండ్రి ఒళ్లో పెట్టింది. పేజీ అడుగున 'అందరికన్నా పైన రత్తమ్మ' అని ఉంది. పాండురంగారావు ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. తల్లి పేరు దగ్గర వేలు ఆగింది.

జయకృష్ణ మొహం ఎర్రబడింది. "ఏదైతే ఏంటి, ఎవరికి తెలుసు? ఒకసారి పెట్టాక మారిస్తే నా పరువేం కావాలి?"

"అయినా ఏంటే నీ గొడవ?" జయలక్ష్మి గారె తుంచుతూ అందుకుంది. "ఈ మాఘంలోనో, వచ్చే ఏడో ఒకింట్లో ఉండేవాళ్లు. నీదేంటి, వాడిదేంటి? మొగుడి పేరొస్తే నీకొచ్చినట్టు కాదూ?"

"అప్పుడు నా పేరొచ్చినా బావకొచ్చినట్టేగా అత్తయ్యా. నాదే చెప్పమను."

వంటింటి గుమ్మంలో ఆదిలక్ష్మి చిల్లుల గరిటె పట్టుకుని నిలబడిపోయింది. పొయ్యి మీద నూనె కాగిపోతోంది.

"బాగా నోరొచ్చిందే దీనికి!" అంది జయలక్ష్మి.

జయకృష్ణకి తల్లి మాటలూ వినపడలేదు, మరదలి మాటలూ వినపడలేదు. అతనికి రేపటి ఫైనలే కనిపిస్తోంది. "సర్లే, ఫైనలయ్యాక చూద్దాం. ముందు దాన్ని తీసుకో" అని రెండు మిషన్లూ కలిపాడు.

హైమ తన మిషను ఒళ్లో పెట్టుకుంది. "ఊరికే రాదు బావా. బదులుగా నేనొకటి పంపాలి. ఏది వస్తోందో చదువుకుని నొక్కు."

"ఏదో ఒకటి పంపవే, మళ్లీ నీకే వచ్చేస్తుందిగా."

"చదువుకో బావా."

"అబ్బ, నస!" అన్నాడు, తెర వంక చూడకుండానే నొక్కాడు.

హైమ తెర మీద బక్క ముంగిస వచ్చి నిలబడింది. కింద చిన్న అక్షరాల్లో, 'పెంచినవారు: హైమావతి' అని ఉంది. హైమ మిషను ఆపి, ఓణీ కొంగుతో తెర తుడిచి, పక్కన పెట్టుకుంది.

"ఊఁ, చెప్పు దానికి. చెప్పి పంపు" అన్నాడు జయకృష్ణ, ఇప్పుడు గారె అందుకుంటూ.

"పంపను."

"ఏంటీ?"

"పంపను బావా. రెండు వారాలన్నావు, నాలుగు వారాలైంది. నాది నాకొచ్చింది. నీకు బదులు ఇచ్చాను, చూసుకో."

జయకృష్ణ గారె వదిలేసి మిషను లాక్కుని చూశాడు. ఎద్దు తల, రోకళ్లలాంటి చేతులు. బ్రూటాక్స్ గుడ్లురిమి చూస్తోంది.

"ఇదా? దీంతోనా ఫైనలాడేది? మూడు దెబ్బలకి పడిపోద్ది ఇది!"

అన్నాక తెలిసింది అతనికి, తనేం అన్నాడో.

"అది నేను రాసిన రెండో వాక్యం" అంది హైమ. "నువ్వు చదవలేదుగా. నంబర్ వన్ అని నలభై వేలమందికి చెప్పావు బావా. ఆడు మరి దాంతో."

"మావయ్యా, చూడండి ఎలా మాట్లాడుతుందో!"

"పాండూ, చెప్పరా నీ కూతురికి!" జయలక్ష్మి పళ్లెం నేల మీద పెట్టేసింది. "రేపు పిల్లాడు పదిమందిలో నవ్వులపాలైతే నీకు బాగుంటుందా? ఇమ్మను!"

హైమ తండ్రి వంక చూసింది. పోయిన నెల ఇవ్వమన్నది ఆయనే. ఇవాళ కూడా ఇవ్వమంటే ఇవ్వకూడదని ఆమె నిశ్చయించుకునే ఉంది. పక్కనున్న మిషనును ఒళ్లోకి తీసుకుంది.

పాండురంగారావు నోట్‌బుక్కు మూసి, కూతురి చేతికి ఇచ్చాడు.

"దాన్ని పెంచేటప్పుడు మన అమ్మ రోజూ దీని పక్కనే ఉంది అక్కా. నేను చూశాను" అన్నాడు. "మొన్న ఇవ్వమని నేనే అన్నాను, తప్పు నాదే. మళ్లీ అనను. పేరు చెప్పమందిగా, చెప్పమను. అప్పుడు అదే పంపుద్దేమో."

అందరూ జయకృష్ణ వంక చూశారు. ఒక్క మాట. వీడియోలో కాకపోయినా, ఇక్కడ ఈ నలుగురి ముందు అన్నా హైమ అప్పుడు రత్తమ్మని పంపేసేదే. ఆ సంగతి ఆమెకి తెలుసు, అందుకే అతని పెదాల వంకే చూస్తోంది.

జయకృష్ణ మిషను సంచీలో కుక్కాడు. సంచీ జిప్పు సగంలో పట్టేస్తే అలాగే భుజాన వేసుకున్నాడు. గుమ్మంలో చెప్పుల్లో కాళ్లు పెట్టి, వెనక్కి తిరక్కుండా మెట్లు దిగాడు.

"ఒరేయ్ కృష్ణా! నన్నెక్కించుకోవా?" జయలక్ష్మి ఎంగిలి చేత్తోనే లేచింది.

బైకు స్టార్టయింది. వెనక సీటు ఖాళీగానే వీధి మలుపు తిరిగిపోయింది.